కిందివీధికి ఇరవై గదులు

మంచం గుమ్మంలో ఇరుక్కుపోయింది.

మంచం కోళ్ళు రెండు గదిలో, రెండు వీధిలో. మంచం మీద అక్క అత్తగారు ఉంది. నడుము పడిపోయి మూడేళ్ళయిన మనిషి. తల లోపలికి వచ్చింది, కాళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆ పాదాల్ని చూసి, తప్పుకుని వెళ్తున్నారు.

"కాస్త ఏటవాలుగా తిప్పండి మామయ్యా," అని బయటి నుంచి అరిచాడు టైలరు. ఆవిడ కొడుకు, అక్క భర్త.

"తిప్పితే ఆవిడ జారిపోతుందయ్యా," అన్నాడు లోపలి నుంచి నాన్న.

"జారితే జారనీ అన్నయ్యగారూ," అంది ముసలావిడ పైకప్పు రేకుల వంక చూస్తూ. "నిన్న ఇల్లే జారిపోయింది, నేనెంత? పోనీ మెంబరుగారిని అడగండి. ఆవిడ ఓసారి చెయ్యెత్తితే ఈ గుమ్మం దానంతటదే వెడల్పవుతుంది."

మెంబరుగారు గది మూలన గోడకి అతుక్కుపోయి నిలబడి ఉంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల. ఇంట్లో చిన్నది అంటారు. వార్డు ఆఫీసు వాళ్ళ యువసభలో చేరిన దగ్గర్నుంచి రెండు వీధుల వాళ్ళూ మెంబరు అనడం మొదలుపెట్టారు. మొదట్లో ముద్దుగా అనేవాళ్ళు. రెండు నెలలుగా ఆ మాటలో ముద్దు లేదు.

"నేనూ ఓ పక్క పట్టుకుంటా," అని చిన్నది ముందుకొచ్చింది.

"అమ్మా, దాన్ని ముట్టుకోవద్దని చెప్పు," అంది అక్క.

అక్క గుమ్మం అవతల, అత్తగారి పాదాల దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా బడి వరండాలో కూర్చుని తెల్లారబెట్టిన కళ్ళు. చెల్లెలు నాలుగడుగుల దూరంలోనే ఉంది. అయినా మాట అమ్మ మీదుగానే రావాలి. కిందివీధి తలుపుల మీద ఖాళీ చెయ్యమని నోటీసులు అంటించిన రోజు నుంచి, అంటే నెల రోజులుగా, ఇదే వరస.

అమ్మ చెప్పలేదు. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని ఆమెది. డ్యూటీకి అప్పటికే గంట ఆలస్యమైంది. వియ్యపురాలి మెడ కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. బ్లీచింగ్ నీళ్ళకి తెల్లగా నానిపోయిన చెయ్యి.

కొండ మీది నీళ్ళు పోవడానికి పెద్ద కాలువ తవ్వాలన్నారు. పైవీధి మీదుగా తవ్వినా సరే, కిందివీధి మీదుగా తవ్వినా సరే, ఏదో ఒక వీధి మాత్రం లేచిపోవాలి. ఇంజనీర్లు రెండూ ఒకటే అన్నారు. అప్పుడు వార్డు ఆఫీసరు, ఇది ప్రజలు తేల్చుకోవాల్సిన విషయమనీ, అందులోనూ రేపటి తరమే తేల్చాలనీ చెప్పి, తొమ్మిదిమంది యువసభ ముందు పెట్టింది. నలుగురు అటు, నలుగురు ఇటు. తొమ్మిదో చెయ్యి చిన్నదానిది. అక్క ఇల్లు ఉన్నది కిందివీధిలో. తను పుట్టిపెరిగిన గది ఉన్నది పైవీధిలో. చిన్నది కిందివీధి తియ్యమని చెయ్యెత్తింది.

"ఒక్కసారి నా మాట విను అక్కా. వానొస్తే మీ వీధిలో మోకాలిలోతు నీళ్ళు. అందరికీ గదులిస్తామని మేడమ్ చెప్పింది. ఇళ్ళు కూడా అక్కడే తక్కువ..."

"అమ్మా, దాన్నే అడుగు. పైన అరవై ఒకటి, కింద నలభై ఆరు అని వేళ్ళు మడిచిందట కదా. ఆ నలభై ఆరింటిలో నేను ఎన్నోదాన్నో అడుగు."

"ముప్ఫై మూడు," అంది చిన్నది.

నోరు జారింది. ఆమె పనిచేసేది జిరాక్స్ షాపులో. నోటీసులు కాపీలు తీసింది తనే. వరసగా పేర్చి, పిన్నులు కొట్టి ఇచ్చిందీ తనే. ముప్ఫై మూడో కాగితం మీద బావ పేరుంది. ఆ కాగితం కొంచెం మసకగా వస్తే, బాగా కనబడాలని మళ్ళీ తీసింది కూడా.

ముసలావిడ ఒక్కతే నవ్వింది.

"పిల్ల అబద్ధం ఆడదు. మంచి పెంపకం వదినగారూ."

నాన్న మంచం వదిలి, మేకులు లాగే ఇనుపచువ్వ తెచ్చాడు. గోడలకి రంగులేసే మనిషి ఆయన. తలుపు బందులకి కూడా చిన్నదాని చిన్నప్పుడు దాని ఇష్టప్రకారం పచ్చరంగు వేశాడు. ఇప్పుడు ఒక్కో బందూ ఊడదీస్తూ, ఆమె వంక చూడకుండా అడిగాడు.

"ఇవాళ మీటింగ్ ఉందా?"

"ఉంది నాన్నా. గదుల గురించే."

"అయితే అడుగు. నలుగురిలో అడుగు. సిగ్గుపడకు."

"సిగ్గా!" అంది అక్క.

తలుపు ఊడొచ్చింది. మంచం లోపలికి వచ్చింది. దాంతో గదిలో మనుషులు నిలబడే చోటు పోయింది. బయట టైలరు కుట్టుమిషను ప్లాస్టిక్ పట్టా కప్పుకుని వీధిలోనే ఉంది. చిన్నది చెప్పులేసుకుని బయల్దేరుతుంటే అమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"వాళ్ళకి గది తీసుకునే రా. ఉత్త చేతులతో మాత్రం రాకు."

* * *

వార్డు ఆఫీసు మేడమ్ ఎవరితోనూ గట్టిగా మాట్లాడదు. అందర్నీ అమ్మా, నాన్నా అంటుంది. కాలువ సంగతి చెప్పినప్పుడు ఎంత నెమ్మదిగా చెప్పిందో, ఇప్పుడూ అంతే నెమ్మదిగా చెప్పింది.

"గదులు ఇరవై తయారయ్యాయి."

చిన్నది నోట్‌బుక్కు తెరవబోయి ఆగిపోయింది. "నలభై ఆరు అన్నారు కదా మేడమ్."

"అన్నాం. అనుకున్నాం కూడా. అన్నీ అనుకున్నట్టే అవుతాయా అమ్మా?"

"మిగతా వాళ్ళు?"

"రెండో విడతలో వస్తారు."

"అదెప్పుడు మేడమ్?"

"మొదటిది అయ్యాక," అంది మేడమ్. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే అంతకంటే ఆమెకు తెలియదు. "ఆ ఇరవైమంది ఎవరో మేం రాస్తే పక్షపాతం అంటారు. మీరు వాళ్ళ మధ్య పెరిగినవాళ్ళు. ఎవరికి ఎంత అవసరమో మీకు తెలిసినంత మాకు తెలీదు. అందుకే జాబితా మీరే వెయ్యాలి. ఎల్లుండిలోపు."

తొమ్మిదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ మొహాల్లో భయం ఉంది. భయం కింద ఇంకేదో కూడా ఉంది. ఇరవై కుటుంబాలు తమ వేళ్ళ కింద ఉన్నాయన్న సంగతి అప్పుడే తలకెక్కుతోంది.

ముందుగా తేరుకున్నది బూట్లు. ఎంత బురదైనా తెల్లబూట్లు వేసుకొచ్చే కుర్రాడని అతనికా పేరు. కాలువ కాంట్రాక్టు వాళ్ళ మావయ్యదే.

"ఒక్క నియమం పెట్టుకుందాం మేడమ్," అన్నాడు. "మెంబర్లతో కుటుంబ సంబంధం ఉన్నవాళ్ళ పేర్లు ఉండకూడదు. రేపు మన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా."

తొమ్మిదిమందిలో కిందివీధిలో సొంతవాళ్ళున్నది ఒక్క చిన్నదానికే. బూట్లు వాళ్ళ మావయ్య దగ్గర మట్టి మోసేవాళ్ళు ఎనిమిది కుటుంబాలు అక్కడున్నాయి. కానీ కూలీలు చుట్టాలు కారు.

"మెంబరూ, నీకేమైనా అభ్యంతరమా?" అన్నాడు బూట్లు. ఎంతో మర్యాదగా అడిగాడు.

ఉందని చెప్పొచ్చు. మంచం మీద మనిషి ఉందని చెప్పొచ్చు. నెల రోజుల మౌనం సంగతి చెప్పొచ్చు. కూలీల మాట కూడా ఎత్తొచ్చు. ఏది ఎత్తినా అక్క కోసమే ఎత్తినట్టుంటుంది. అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆ చూపులు ఎదురుచూస్తున్నదేమిటో ఆమెకు అర్థమైంది. అది వాళ్ళకి దక్కనివ్వకూడదనిపించింది.

అందరికంటే ముందు చిన్నదాని చెయ్యి లేచింది.

తన నిజాయితీని ఎనిమిదిమంది చూస్తున్నారన్న సంగతి ఆ క్షణాన ఆమెకు బాగా నచ్చింది. అలా నచ్చినందుకు ఆ తర్వాత చాలా కాలం తనని తాను క్షమించుకోలేకపోయింది.

మిగతా చేతులూ లేచాయి. గుమాస్తా రాసుకున్నాడు. పావుగంటలో ఆ నియమం టైపై, స్టాంపు పడి, కింద గోడకి అంటుకుంది.

అందరూ వెళ్ళాక చిన్నది మేడమ్ బల్ల దగ్గర నిలబడింది.

"నేను రాజీనామా చేస్తే మా అక్క పేరు చూస్తారా మేడమ్?"

"ఇవాళ్టికి సభ్యులుగా ఉన్న తొమ్మిదిమందికీ ఆ నియమం వర్తిస్తుందమ్మా. నువ్వే కదా ముందు చెయ్యెత్తావు." మేడమ్ ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది. "నువ్వు పోతే కిందివీధి వాళ్ళ కోసం మాట్లాడేదెవరు? నీలాంటివాళ్ళు మాకు కావాలి."

* * *

మధ్యాహ్నానికి జిరాక్స్ షాపు ముందు గుంపు చేరింది.

కిందివీధి అంతా కాగితాలు పట్టుకొచ్చింది. జబ్బు కాగితాలు, వయసు కాగితాలు, వానకి తడిసి అతుక్కుపోయిన కాగితాలు. నిన్న మిషను గోడలు కూలుస్తున్నప్పుడు చిన్నదాని మీద మట్టి విసిరిన చీపుర్లావిడ అందరినీ నెట్టుకుంటూ ముందుకొచ్చింది. చేతులు చాచి చిన్నదాని బుగ్గలు నిమిరింది.

"బంగారుతల్లీ, మా ఆయన ఎక్స్‌రే ఇది. లోపల ఏముందో నువ్వే చూడు."

"నేను డాక్టర్ని కాదు పిన్నీ."

"డాక్టరు ఏం చేశాడులే. ఇప్పుడు నువ్వే చెయ్యాలి." గొంతు తగ్గించింది. "మీ అక్కకి ఎలాగూ రాదటగా. ఆ ఒక్క గదీ మాకు పడెయ్యి. నీకు పుణ్యముంటుంది."

జిరాక్స్ మిషను వెలుగు చిన్నదాని మొహం మీదుగా ఇటు నుంచి అటు పోయింది.

"మా అక్కకి తెలిసిపోయిందా?"

"తెలీకుండా ఉంటుందా? గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంటే. మీ బావ దాని ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. ఆ తర్వాత మీ నాన్నని పిలిపించుకున్నాడు."

సాయంత్రం దాకా చిన్నది కాపీలు తీస్తూనే ఉంది. వరసలో ఒక్కరూ ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

* * *

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. ఊడిన తలుపు గోడకి చేరేసి ఉంది. వినాల్సినవన్నీ వినడానికి సిద్ధపడి, గుమ్మంలోకి అడుగుపెట్టింది.

"వచ్చావా? కాళ్ళు కడుక్కో," అంది అక్క.

చిన్నది వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

"నిన్నేనే. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా లేదా? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

అక్క తనే కంచం పెట్టింది. తనే వడ్డించింది. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు అమ్మ రెండు డ్యూటీలు చేసే రోజుల్లో ఇలాగే కూర్చునేది. చిన్నదానికి నెల రోజుల్లో ఏడుపు రాలేదు కానీ, ఇప్పుడు కళ్ళు నిండిపోయాయి.

"అక్కా, నేను కావాలని చెయ్యలేదే. వాడు నన్నే చూస్తూ అడిగాడు..."

"తెలుసులే. ముందు తిను."

మంచం పక్కన నేల మీద నాన్న కూర్చున్నాడు. గోళ్ళలో ఇరుక్కున్న సున్నాన్ని గీరుకుంటున్నాడు. అమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఎవరూ ఎవరి వంకా చూడటం లేదు. కంచం సగం ఖాళీ అయ్యాక టైలరు గొంతు సవరించుకున్నాడు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"ఆఫీసు బయట కాగితాలు రాసే పెద్దాయనతో రాయించాం," అన్నాడు. మంచివాడే టైలరు. మాట్లాడేటప్పుడు నేల వంక చూసే అలవాటు. "మెంబర్లతో కుటుంబ సంబంధం ఉన్నవాళ్ళకి గది రాదన్నారు కదా. లేదని రాసిస్తే వస్తుందట."

చిన్నదాని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఏం లేదని?"

మంచం మీది నుంచి ముసలావిడ అడిగింది.

"ఇంతకీ ఆ గదికి కిటికీ ఉంటుందా?"

"ఉంటుందమ్మా," అన్నాడు టైలరు. మళ్ళీ నేల వంక చూశాడు. "రెండు రోజుల్లో విచారణకి వస్తారట. కాబట్టి నువ్వు ఇక్కడ ఉండకూడదు. మీ షాపు వెనక కాగితాల కట్టలు పెట్టే గది ఉందిగా. మీ ఓనరుని అడిగాం. సరేనన్నాడు."

"నన్ను అడగకుండానే ఓనరుని అడిగారా?"

"నువ్వు మమ్మల్ని అడిగావా?" అంది అక్క. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"ఎన్నాళ్ళుండాలి?"

"గది చేతికొచ్చేదాకా."

"చేతికొచ్చాక కూడా కాస్త జాగ్రత్తగా ఉండాలన్నాడు ఆ పెద్దాయన," అన్నాడు టైలరు. "ఎవరైనా పైకి ఫిర్యాదు రాస్తే గది వెనక్కి తీసుకుంటారట. రాసేవాళ్ళకేం తక్కువ? గది రానివాళ్ళు ఇరవై ఆరుగురుంటారు."

"అంటే ఎప్పటికీ అన్నమాట."

టైలరు కాగితం మడతని వేలితో సరిచేశాడు.

"అక్కా, ఇది దొంగ కాగితం. జాబితా రాసేది నేనే. నా చేత్తోనే అబద్ధం రాయమంటావా?"

"అబద్ధమేంటి?" అక్క కంచాన్ని ఓ పక్కకి జరిపింది. మెత్తదనం అక్కడితో అయిపోయింది. "రెండు నెలల కింద చెయ్యెత్తినప్పుడు నేను నీకేమైనా అయ్యానా? ఇవాళ మళ్ళీ ఎత్తావట. అందరికంటే ముందు ఎత్తావట. నువ్వు చేత్తో రెండుసార్లు చెప్పిన మాటే మేం కాగితం మీద పెట్టించాం. అంతే."

"నాన్నా!"

నాన్న గోళ్ళు గీరుకోవడం ఆపలేదు. "కాగితమేగా అమ్మా," అన్నాడు.

టైలరు కాగితం విప్పి దీపం దగ్గర పరిచాడు. కింద కుడిపక్కన నాన్న సంతకం ఉంది.

చిన్నది దాన్ని గుర్తుపట్టింది. మొదటి అక్షరం పెద్దగా, చివరి అక్షరం గీత దాటి కిందికి. ఏడాదిన్నర కింద యువసభ దరఖాస్తుకి తండ్రి సంతకం అడిగారు. వేలిముద్ర వేస్తే నా కూతురి పరువు పోతుందని నాన్న పట్టుబట్టాడు. ఆమె పెరటి గోడ మీద రంగు బ్రష్షుతో ఆ నాలుగక్షరాలూ రాసి చూపించింది. ఆయన వారం పాటు గోడంతా నింపి నేర్చుకున్నాడు. ఆ దరఖాస్తు మీద పెట్టినది ఆయన జీవితంలో మొదటి సంతకం. ఇది రెండోది.

పక్కన అమ్మ కోసం వదిలిన చోటు ఖాళీగా ఉంది.

"అమ్మా, నువ్వు చెప్పమ్మా," అంది చిన్నది. "నువ్వు ఏం చెప్తే అదే చేస్తా."

అమ్మ కళ్ళు తెరిచింది. మంచం మీది మనిషిని చూసింది. నేల మీద కూర్చున్న పెద్ద కూతుర్ని చూసింది. టైలరు ముందుకు జరిపిన సిరా డబ్బాని చూసింది. చిన్నదాని వంక మాత్రం చూడలేదు.

"అది చదివి వినిపించు," అంది.

"అమ్మా..."

"నాకు చదువు రాదు. ఈ ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ నువ్వే చదివావు. ఇది కూడా చదువు."

నాన్న చేతులు ఆగిపోయాయి. చిన్నది కాగితం చేతిలోకి తీసుకుంది.

"మా చిన్న కుమార్తె, మా మాట వినక, తన ఇష్టప్రకారం ఇల్లు విడిచి వెళ్ళినందున, నేటి నుంచి ఆమెకు మాతో గానీ, మా పెద్ద కుమార్తెతో గానీ ఎటువంటి కుటుంబ సంబంధమూ లేదు. ఇకపై ఆమె మంచికీ, చెడుకీ..."

అక్కడ ఆగిపోయింది.

అమ్మ అప్పటికే బొటనవేలికి సిరా అద్దుకుంది. నాని తెల్లబడ్డ వేలి మీద నల్లటి మచ్చ. వేలు కాగితానికి జానెడు పైన నిలబడి ఉంది.

"ఆగావేం?" అంది అమ్మ. "మిగతాది కూడా చదువు. దేనికి వేలేస్తున్నానో నాకు తెలియాలి."